మన చెత్తలో సగం నీళ్ళే

ఈసారి భోగికి మా అక్క కొడుకు కోపెన్‌హాగన్ నుంచి వచ్చాడు. తెల్లవారుజామున ఐదింటికి అపార్ట్‌మెంట్ గేటు ముందు మంట వేశాం. విరిగిన కుర్చీ కాళ్ళు, అట్టపెట్టెలు, పిల్లలు గుచ్చిన పిడకల దండలు ఒక్కొక్కటే పడుతున్నాయి. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన ఎక్కడినుంచో ఒక కొబ్బరి మట్ట ఈడ్చుకొచ్చి వేశారు. పచ్చి మట్ట. అది చివర్లలోంచి నురగ కక్కి, చుయ్యిమని ఏడ్చి, పది నిమిషాలు మా అందరినీ ఏడిపించి, ఆ తర్వాత గానీ అంటుకోలేదు.

మేం దగ్గుతూ ఉంటే మావాడు ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. ఏటవాలుగా ఉన్న పెద్ద కప్పు, దాని మీద పచ్చటి పరుపు లాంటిది, జనం స్కీయింగ్ చేస్తూ కిందికి జారుతున్నారు. పక్కనే పొగగొట్టం.

"ఇది మా ఊరి భోగిమంట మామయ్యా. కింద చెత్త కాలుస్తారు, పైన ఆడుకుంటారు. మా ఫ్లాట్‌లో రేడియేటర్ వేడెక్కేది దీనివల్లే."

అందరూ ఫోన్ చుట్టూ మూగారు. "మన జవహర్‌నగర్‌లో కూడా పెట్టారు కదా, 24 మెగావాట్లు," అన్నాడు అసోసియేషన్ సెక్రటరీ. "ఇంకేం మరి! చెత్త పడేస్తే కరెంటు వస్తోంది. మనకీ తడి, పొడి గొడవ ఎందుకు?" అన్నారు మట్ట వేసిన పెద్దాయన. నేనేమీ అనలేదు. చేతిలో కర్రతో ఆ మట్టనే అటూ ఇటూ కదుపుతున్నాను. ఆయన ప్రశ్నకి జవాబు ఆ మట్టే అని అప్పుడు తట్టలేదు, రెండు రోజులయ్యాక స్నానం చేస్తుంటే తట్టింది. అప్పటికి మావాడు అత్తారింటికి వెళ్ళిపోయాడు, పెద్దాయన కూడా ఆ సంగతి మర్చిపోయారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

నా పక్షం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ శివార్లలో చెత్త కాల్చి కరెంటు తీసే ఆ జవహర్‌నగర్ ప్లాంటు ఉండకూడదని నేను అనను. మా ఇల్లు కాప్రా వైపే. రాత్రి పదకొండు దాటాక గాలి అటునుంచి తిరిగితే కిటికీలు మూసుకునే బతుకు మాది. గుట్టగా పడి కుళ్ళడం కంటే కాలిపోవడం నయమని నాకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? నా గొడవల్లా దాన్ని కరెంటు ఫ్యాక్టరీ అని పిలవడంతోనే. అది చెత్త వదిలించుకునే యంత్రం. పక్కన కాస్త కరెంటు కూడా ఇస్తుంది. ఈ రెండు మాటల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది తేలితే, వంటింట్లో డబ్బాలు ఎన్ని ఉండాలో కూడా తేలుతుందని నా నమ్మకం.

తడిసిన ఊక

నేను ఇరవై ఏడేళ్ళు జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో యుటిలిటీస్ చూశాను. యుటిలిటీస్ అంటే బాయిలర్, చిల్లర్, కంప్రెసర్, ఎవరికీ కనబడనివి, ఆగినప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చేవి. మా బాయిలర్ గంటకి 6 టన్నుల ఆవిరి ఇచ్చేది. మొదట్లో బొగ్గు, తర్వాత ఊక.

ఒక జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఊక గుట్ట మీద కప్పిన టార్పాలిన్ చిరిగి ఉన్న సంగతి ఎవరూ చూడలేదు (నేనే చూడాలి, చూడలేదు). తడిసిన ఊక లోపలికి పోతోంది. 10 కేజీల మీద ఉండాల్సిన ప్రెషర్ 6కి పడింది. ప్రొడక్షన్ వాళ్ళు ఐదు నిమిషాలకోసారి ఫోన్. మా బాయిలర్ ఆపరేటర్ శ్రీకాకుళం ఆయన, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఫర్నేస్ కంతలోంచి చూసి, నింపాదిగా ఇటు తిరిగి, "సార్, మనం స్టీమ్ చెయ్యట్లేదండి. ఊక ఆరబెడతన్నాం," అన్నాడు.

ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. కిలో నీటిని మామూలు వేడి నుంచి ఆవిరి చేయాలంటే దాదాపు 600 కిలోకేలరీలు పోయాలి. మన ఊరి చెత్తలో సగం దాకా తడే. అంటే కిలో చెత్త పొయ్యిలో పడితే, అందులోని అర కిలో నీళ్ళని తరిమేయడానికే 300 ఖర్చు. మిగిలిన అర కిలోలో రోడ్డు ఊడ్చిన మట్టి ఉంటుంది, కాలువలోంచి తీసిన బురద ఉంటుంది. అవి కాలవు, వేడెక్కుతాయంతే. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కిలోకి 1,500 కిలోకేలరీలు, ఆపైన ఉన్న చెత్తని డంపుకి పంపకుండా ఇంధనంగా వాడమన్నాయి. మంచిదే. కానీ సాంబారు, అన్నం, అరటి తొక్కలు, టీ పొడి, చిప్స్ కవరు అన్నీ కలిసిన మన నల్ల కవరు ఆ గీత దాటాలంటే ముందు నీళ్ళోడాలి.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో రోజుకి 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్లు తీద్దామని ప్లాంటు కట్టారు. యంత్రాలు ఎక్కడివో తెలుసా? డెన్మార్క్‌వి. వాళ్ళ ఊళ్ళో చక్కగా కాలిన పొయ్యి ఇక్కడ కొన్ని వారాలకే చల్లారింది. లెక్క వేసుకున్న వేడిలో సగం కూడా ఢిల్లీ చెత్తలో లేదు. మావాడికి ఈ కథ చెబితే నవ్వాడు గానీ నమ్మినట్టు లేడు.

మన దగ్గరా ఒకటి జరిగింది. 2003లో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. హైదరాబాద్ చెత్తని గండంగూడలో ఆరబెట్టి, ఏరి, పొడి ఇంధనంగా మార్చి అక్కడికి పంపేవారు. అప్పట్లో పేపర్లలో బోలెడు రాశారు. అదీ ఎక్కువ కాలం నడవలేదు. ఈ రోజు జవహర్‌నగర్ గురించి మాట్లాడే వాళ్ళలో ఎలికట్ట పేరు విన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే.

న్యాయంగా చెప్పాలంటే ఇప్పటి ప్లాంటు తిమార్‌పూర్ కాదు. 2020లో 19.8 మెగావాట్లతో మొదలై తర్వాత 24కి పెరిగింది. వచ్చిన చెత్తని వచ్చినట్టు పొయ్యిలో వేయరు. జల్లెడ పడతారు, రాళ్ళూ ఇనుమూ తీస్తారు, గుంటల్లో కొన్నాళ్ళు నిల్వ ఉంచి నీళ్ళోడనిస్తారు, ఆ తర్వాతే కాలుస్తారు. మా ఆపరేటర్ చూస్తే మెచ్చుకునే పద్ధతే. కానీ ఆ ఓడిన నీళ్ళు ఎక్కడికీ మాయమవవు. నల్లటి, ఘాటైన ఆ రసాన్ని మళ్ళీ శుద్ధి చేయాలి. పాత డంపు నుంచి అలా దిగిన రసమే మల్కారం చెరువుని ఏం చేసిందో అటుపక్క వాళ్ళు నాకన్నా బాగా చెబుతారు. అక్కడ కోటి టన్నులకు పైగా పాత చెత్త గుట్టని మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే కొండలా ఉంటుంది. ఎవరో కొత్తగా వచ్చిన వాళ్ళు "అది ఏ గుట్ట అండీ?" అని అడిగారు నన్ను ఒకసారి.

తడికీ పొగకీ కూడా లంకె ఉంది. చెత్త మంటలో డయాక్సిన్లనే విషాలు పుట్టకుండా ఉండాలంటే పొగ కనీసం 850 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు ఉండాలని నియమం. తడి సరుకు పడ్డప్పుడల్లా మంట కిందికి జారుతుంది. ఆపరేటర్ దాన్ని పైకి లేపడానికి తంటాలు పడతాడు. మంచి ప్లాంట్లలో అందుకు వేరే బర్నర్లు ఉంటాయి, ఫిల్టర్లు ఉంటాయి. అయినా ఎక్కడో గది లోపల కూర్చున్న ఒక మనిషి ఎంత టెన్షన్ పడాలన్నది, మా మూడో అంతస్తు పెద్దాయన కవర్లో ఎంత సాంబారు పోశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

24 అనే అంకె

ఇప్పుడు ఆ మెగావాట్ల సంగతి. 2024 వేసవిలో గ్రేటర్ హైదరాబాద్ కరెంటు డిమాండ్ 4,000 మెగావాట్లు దాటింది. అందులో 24 ఎంత? వందకి అర, ముప్పావు మధ్య. దుండిగల్‌లో కట్టిన ఇంకో చెత్త ప్లాంటు 14.5 మెగావాట్లని కలిపినా నూటికి ఒకటి రాదు. ఒక్క సాయంత్రం జనమంతా ఏసీ ఒక డిగ్రీ పెంచుకుంటే ఇంతకన్నా ఎక్కువే మిగులుతుందని నా అంచనా.

సరదాకి ఇంకొకటి. హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న చోట, నిజాం కాలంలో 1920లో పెట్టిన థర్మల్ స్టేషన్ ఉండేది. దాని సామర్థ్యం 22.5 మెగావాట్లు. అప్పుడది ఊరికి వెలుగు. ఇప్పుడు దాదాపు అంతే కరెంటుని మనం చెత్తలోంచి తీసి పండగ చేసుకుంటున్నాం, ఊరు మాత్రం ఆ ఊరు కాదు.

ధర చూద్దాం. 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, చెత్త నుంచి చేసిన ఇంధనంతో తీసే కరెంటుకి యూనిట్‌కి 7 రూపాయల 90 పైసలు లెక్కగట్టింది. 2017లో రాజస్థాన్ భడ్లాలో సోలార్ కరెంటు 2 రూపాయల 44 పైసలకి పలికింది. అయినా 2016 టారిఫ్ విధానం ప్రకారం రాష్ట్రంలోని చెత్త ప్లాంట్ల కరెంటు మొత్తం డిస్కంలు కొనాల్సిందే. ఇది చదివి "దోపిడీ" అని అరిచేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళతో లేను. ఆ పై అయిదు రూపాయలు కరెంటుకి ఇస్తున్నవి కావు, చెత్త కనబడకుండా చేసినందుకు ఇస్తున్న కూలి. ఆ కూలి ఇవ్వాల్సిందే. నా అభ్యంతరం అది కరెంటు బిల్లు చాటున దాక్కోవడం మీద. చెత్త ఖర్చు చెత్త పద్దులో కనబడితే, "తడి వేరుగా ఇస్తే ఇందులో ఎంత తగ్గుతుంది?" అని అడగబుద్ధి అవుతుంది. కరెంటు బిల్లులో కలిసిపోతే ఎవడడుగుతాడు?

ఆవిరి దూరం పోదు

మావాడి రేడియేటర్ దగ్గరికి వద్దాం. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

ఉత్త కరెంటు తీసే చెత్త ప్లాంటులో, మంటలో పుట్టిన వేడిలో నాలుగో వంతు కరెంటుగా మారితే గొప్ప. మిగతాదంతా కూలింగ్ టవర్ నుంచీ పొగగొట్టం నుంచీ ఆకాశానికి. డెన్మార్క్ వాళ్ళు ఆ మిగతా వేడిని పైపుల్లో ఇళ్ళకి పంపుతారు. అక్కడ ఇళ్ళలో మూడింట రెండు వంతులు ఇలా ఊరుమ్మడి వేడి మీద బతుకుతాయి. ఇది నిన్నటి ముచ్చట కూడా కాదు. 1903లోనే ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో చెత్త కాల్చి పక్కనున్న ఆస్పత్రికి వేడీ, కరెంటూ ఇచ్చారు. ఇంకో చమత్కారం ఉంది. వాళ్ళు పొగలోని నీటి ఆవిరిని కూడా చల్లార్చి అందులో దాగిన వేడిని వెనక్కి లాక్కుంటారు. అంటే అక్కడ తడి పూర్తిగా నష్టం కాదు. ఇళ్ళ నుంచి తిరిగొచ్చే చల్లటి నీళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ పని కుదురుతుంది. మనకి సంక్రాంతికి పది రోజులు శాలువా కప్పుకుంటే చలికాలం అయిపోతుంది. రేడియేటర్ ఎవరికి కావాలి?

మరి ఆవిరి కావలసిన వాళ్ళు ఈ ఊళ్ళో లేరా? నేను ఇరవై ఏడేళ్ళు చేసిన పనే అది. మందుల ఫ్యాక్టరీకి పగలూ రాత్రీ ఆవిరి కావాలి. రియాక్టర్ వేడి చేయడానికి, సాల్వెంట్ తిరిగి పట్టుకోవడానికి, పొడి ఆరబెట్టడానికి. ఆవిరితో చల్లదనం కూడా చేయొచ్చు. మా దగ్గర ఒక వేపర్ అబ్జార్ప్షన్ చిల్లర్ ఉండేది, లిథియం బ్రోమైడ్ ద్రావణంతో నడిచేది, లోపలికి ఆవిరి పోతే బయటికి చల్లటి నీళ్ళు వచ్చేవి. మా అమ్మాయి చిన్నప్పుడు ఫ్యాక్టరీకి వచ్చి చూసి "పొయ్యి మీద ఐసు చేస్తున్నారా నాన్నా?" అంది. రమారమి అంతే.

నా లెక్కన 24 మెగావాట్ల టర్బైన్ తిరగాలంటే గంటకి వంద టన్నుల పైన ఆవిరి కావాలి. మా కంపెనీ లాంటివి పదిహేను నడుస్తాయి దానితో. ఇక్కడ తొందరపడకూడదు. టర్బైన్‌లోంచి చివరికి బయటపడే ఆవిరి చల్లారి ఉంటుంది, చేయి కాలే వేడి కూడా ఉండదు, ఫ్యాక్టరీకి పనికిరాదు. పనికొచ్చే ఆవిరి కావాలంటే మధ్యలోనే తీసుకోవాలి, అప్పుడు కొన్ని మెగావాట్లు వదులుకోవాలి. మెగావాట్లే గొప్ప అనుకున్న చోట ఆ పని ఎవరూ చేయరు. అందుకే ఆ అంకెతో నాకు పేచీ. వదులుకున్న ఒక యూనిట్ కరెంటుకి బదులు నాలుగైదు యూనిట్ల వేడి చేతికొస్తుంది, దానికి తగ్గ బొగ్గు ఇంకెక్కడో కాలకుండా మిగులుతుంది. కానీ శిలాఫలకం మీద ఎంత బొగ్గు మిగిలిందో రాయరు.

అసలు చిక్కు దూరంతో. ఆవిరి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోతుంది. ఆపైన పైపు పొడుగునా వేడి కారిపోతుంది, నీరు పేరుకుంటుంది, ఆ నీటిని బయటికి వదిలే ట్రాపులు పాడవుతాయి. గ్లాస్ వూల్ చుట్టి పైన అల్యూమినియం రేకు తొడిగినా సరే, మా ప్లాంటులో ఆ చివరి బ్లాకుకి వెళ్ళేసరికి ప్రెషర్ తగ్గేది. జవహర్‌నగర్‌కి అందుబాటులో ఉన్న పెద్ద పారిశ్రామికవాడ చర్లపల్లి. మ్యాప్‌లో దగ్గరే, ఆవిరికి మాత్రం దూరం. దుండిగల్ కాస్త నయం, కాజిపల్లి, గడ్డపోతారం, బొల్లారం ఫ్యాక్టరీలు అటువైపే. అక్కడ బాయిలర్లలో రోజూ లారీల కొద్దీ బొగ్గు పడుతోంది. ప్రయత్నిస్తే అక్కడ కుదరొచ్చు. అయితే ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ఫ్యాక్టరీలని బయటికి పంపాలన్న మాట ఏళ్ళుగా వింటున్నాం. పైపు వేసి, పదేళ్ళ ఒప్పందం రాసుకున్నాక ఫ్యాక్టరీ లేచిపోతే ఆ ఆవిరి ఎవరికి అమ్మాలి? అమెరికాలో డెట్రాయిట్ ప్లాంటు ముప్పై ఏళ్ళు ఊరి నడిబొడ్డు భవనాలకి చెత్త ఆవిరి పంపింది. కంపు గురించి, పొగ గురించి చుట్టుపక్కల జనం ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు, 2019లో మూతపడింది. కాబట్టి ఆవిరి అమ్మితే చాలు అన్నీ కుదురుతాయని నేననుకోవడం లేదు.

ఇక్కడే నాకు నేనే దొరికిపోయాను. ఆవిరి వాడుకోవాలంటే ప్లాంటు జనం మధ్యకి రావాలి. మేమేమో దాన్ని ఎంత దూరం నెడితే అంత మంచిదనుకుంటాం. మా కాలనీ పక్కన కడతామంటే మొదటి సంతకం నాదే, వద్దని. వియన్నాలో స్పిట్టెలావ్ అని ఒక చెత్త ప్లాంటు ఉంది, ఊరి మధ్యలో. 1971లో కట్టినప్పుడు దాని పని పెద్దాస్పత్రికి వేడి ఇవ్వడం. 1987లో తగలబడింది. మళ్ళీ కట్టేటప్పుడు హుండర్ట్‌వాసర్ అనే చిత్రకారుడి చేత రంగులు వేయించి, బంగారు రంగు బంతి లాంటిది చిమ్నీకి తొడిగారు. ఇప్పుడు టూరిస్టులు ఫోటోలు దిగుతారు. రంగులు చూసి జనం ఊరుకున్నారని నేననుకోను. చిమ్నీలోంచి ఏం వస్తోందో వాళ్ళకి తెలుసు, ఆ అంకెల్ని నమ్ముతారు. నాకు నా చిమ్నీ అంకెలు కాలనీ బోర్డు మీద రోజూ కనబడి, ఎప్పుడైనా గీత దాటినప్పుడు "దాటింది" అని అక్కడే రాసి ఉంటే, అప్పుడు నా సంతకం గురించి ఆలోచిస్తాను. మొదటి ఏడాది దాటిందని రాసిన బోర్డునే ఎక్కువ నమ్ముతాను.

నీలం డబ్బా

2015లో మన ఊళ్ళో ఇంటింటికీ రెండు డబ్బాలు ఇచ్చారు, ఆకుపచ్చ ఒకటి, నీలం ఒకటి. 22 లక్షల ఇళ్ళు, 44 లక్షల డబ్బాలు. వాటితో పాటు రెండు వేల స్వచ్ఛ ఆటోలు. మీ ఇంట్లో ఆ నీలం డబ్బా ఎక్కడుందో ఒకసారి చూడండి. మా ఇంట్లో అందులో బియ్యం ఉన్నాయి. పక్కింట్లో ఉల్లిపాయలు. కింద వాచ్‌మన్ వాళ్ళు నీళ్ళు పట్టుకుంటారు. డబ్బా మంచిదే, మూత గట్టిగా పడుతుంది.

మా వీధి చెత్త ఆటో అతన్ని భోగి తర్వాత ఒకరోజు ఆపి అడిగాను, వేరువేరుగా ఇస్తే నీకేమైనా ఉపయోగమా అని. ఆటో పక్కన వేలాడుతున్న గోనె సంచులు చూపించాడు. ఒకదాంట్లో అట్టలు, ఒకదాంట్లో సీసాలు, ఒకదాంట్లో పాల కవర్లు.

"పొడిది నేనే ఏరుకుంట సార్, డీజిల్ ఖర్చెల్తది. మీరు తడిది వేరే ఇస్తే నా చేతులు మంచిగుంటయ్. గంతే."

"మరి తడి చెత్త?"

"నేను వేరే తెచ్చినా ఆడికి పోయినంక అన్నీ ఒక్కకాడనే గుద్దుతరు సార్. పెద్ద బండి ఒక్కటే ఉంటది."

ఇది అన్ని చోట్లా నిజమో కాదో చెప్పలేను, అతను చెప్పింది రాశాను. కానీ ఆ గోనె సంచుల్లో నాకో విషయం కనబడింది. పొడి చెత్తలో బాగా కాలేవి, అట్టలు, సీసాలు, గట్టి ప్లాస్టిక్, ఇవన్నీ డబ్బులొచ్చే సరుకు. దారిలోనే కబాడీకి పోతాయి, పోవాలి కూడా. ఆ సరుకుకోసం ప్లాంటు అతనితో పోటీ పడకూడదు. పొయ్యికి మిగలాల్సింది ఎవరూ కొననిది: చిప్స్ కవర్లు, తెగిన చెప్పులు, పాత పరుపు దూది, థర్మోకోల్, మాసిన గుడ్డలు. అదే అసలైన ఇంధనం. దాంట్లోకి సాంబారు పోసి, ప్లాంటులో మళ్ళీ సాంబారు వడకట్టడం మన పద్ధతి.

మరి సాంబారు ఎటు పోవాలి? బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కి వెళ్ళిరండి. అక్కడ రోజుకి 10 టన్నుల కుళ్ళిన కూరగాయల నుంచి బయోగ్యాస్ తీస్తున్నారు. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్ళ పరిజ్ఞానం, తార్నాకలో పుట్టింది. దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్. ఆ గ్యాస్‌తో మార్కెట్ క్యాంటీన్‌లో వంట. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు కూడా.

నా ఇంజనీరు బుర్ర ఊరుకోదు కదా. టన్నుకి 50 యూనిట్లు. చిన్న అంకె. ఊరి చెత్త రోజుకి 7,000 టన్నులకు పైమాటే, సగం తడి అనుకుంటే 3,500 టన్నులు. బోయిన్‌పల్లి లాంటివి 350 కావాలి. నవ్వొస్తుంది. ఇండోర్‌లో 2022లో మొదలైన ప్లాంటు ఒక్కటే రోజుకి 550 టన్నుల తడి చెత్త తీసుకుని సీఎన్జీ చేసేలా కట్టారు. అవి ఆరేడు చాలు. అప్పుడు నవ్వు ఆగుతుంది. కానీ ఇండోర్‌లో ఆ ప్లాంటు నడవడానికి కారణం ట్యాంకు కాదు, ఆ ట్యాంకుకి రోజూ ప్లాస్టిక్ లేని తడి చెత్త వచ్చేలా ముందే ఇళ్ళలో అలవాటు చేయడం. ప్లాస్టిక్ కవరు పడితే ఆ పంపులు మూలుగుతాయి, ఆ ట్యాంకు కడుపు ఉబ్బుతుంది.

నేనేదో ఒడ్డున కూర్చుని నీతులు చెబుతున్నానని అనుకోకండి. మూడేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్‌లో కంపోస్టు గుంట పెట్టించింది నేనే. రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో నెల వానలు. పొడి ఆకులు సరిపోక గుంట చిత్తడైంది, తెల్లటి పురుగులు గోడెక్కి గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళ పూజగది కిటికీ దాకా వెళ్ళాయి. ఆ ఇంటావిడ నాతో ఏడాది మాట్లాడలేదు. గుంట పూడ్చేసి మొక్కలు పెట్టాం. ఆ మొక్కలు మాత్రం బాగా వచ్చాయి. తడి చెత్తని ఇంట్లో పట్టుకోవడం ఎంత కష్టమో నాకు ఒంటిమీద తెలుసు. అందుకే ఇళ్ళలో అందరూ ఎరువు చేయండి అని నేను చెప్పను. వేరుగా ఇవ్వండి, వేరుగా వెళ్ళే బండి పంపమని కార్పొరేషన్‌ని అడుగుదాం, అంతవరకే నా నోరు.

ఫోటోలో పడనిది

మావాడు తిరిగి వెళ్ళాక నా ప్రశ్నలన్నీ వాట్సాప్‌లో పంపాను. ఆ స్కీయింగ్ ప్లాంటు ఊరికి కావలసిన దానికన్నా పెద్దగా కట్టారట కదా, బయటి దేశాల చెత్త తెప్పించుకుంటున్నారట కదా, డెన్మార్కే 2020లో చెత్త కాల్చే సామర్థ్యాన్ని 30 శాతం తగ్గించుకోవాలని నిర్ణయించుకుందట కదా, అని. నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు వాళ్ళ వంటింటి ఫోటో ఒకటి వచ్చింది. సింకు కింద చిన్న డబ్బా, అందులో పల్చటి ఆకుపచ్చ సంచి, సంచిలో బీట్‌రూట్ తొక్కలు.

"మామయ్యా, ఇక్కడ తిండి చెత్త దీంట్లో వేయాలి. ఇది ఆ స్కీయింగ్ ప్లాంటుకి పోదు. బయోగ్యాస్‌కి పోతుంది."

"మరి ఈ ముక్క భోగి రోజు చెప్పలేదేంరా?"

"సింకు కింద డబ్బా ఎవరు చూస్తారు మామయ్యా, చలిలో నిలబడి?"

ఆ ఫోటో అసోసియేషన్ గ్రూపులో పెట్టాను. పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి. మూడో అంతస్తు పెద్దాయన మాత్రం "ఆ సంచులు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు, అదొక్కటే అసలు ప్రశ్న. మా ఆవిడతో నీలం డబ్బా ఖాళీ చేద్దామన్నాను. బియ్యం ఎందులో పోయాలో ముందు చెప్పమంది. ఆదివారం ఈసీఐఎల్ వెళ్ళి స్టీలు డబ్బా ఒకటి తేవాలి, ఇరవై అయిదు కిలోలది.